ఒక్క నగరం, పది సీట్లు, మనిషికి ఒకే ఓటు: వినిపెగ్ నియోజకవర్గం చరిత్ర

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఇవాళ నేను చెప్పబోయే నియోజకవర్గం ఇప్పుడు లేదు. కెనడాలో మానిటోబా అని ఒక ప్రావిన్సు ఉంది, మన లెక్కలో రాష్ట్రం అనుకోండి. దాని రాజధాని వినిపెగ్. మానిటోబా శాసనసభకు ‘వినిపెగ్’ అనే నియోజకవర్గం 1920 ఎన్నికతో పుట్టింది, 1949 ఎన్నిక నాటికి ముక్కలైంది. ఈ మధ్యలో 1920, 1922, 1927, 1932, 1936, 1941, 1945, మొత్తం ఏడు సాధారణ ఎన్నికలు చూసింది. ఇంతే అయితే చెప్పుకోడానికేమీ లేదు. నియోజకవర్గాలు పుడతాయి, పోతాయి. కానీ దీని సంగతి వేరు. నగరం మొత్తం ఒకే నియోజకవర్గం. అందులోంచి పది మంది సభ్యులు. ఓటరుకు మాత్రం ఒకటే ఓటు. పది సీట్లు, ఒక్క ఓటు. ఈ రెండూ గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఎక్కడి వినిపెగ్, ఎక్కడి మనం అని మీకు అనిపించవచ్చు. ఒక మాట అడుగుతాను. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు వేసినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు లేచింది. 2021 మార్చిలో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది పోటీ చేశారు. నల్లగొండ, ఖమ్మం, వరంగల్ స్థానానికి 71 మంది. బ్యాలెట్ కాగితం దినపత్రికంత వచ్చింది. లోపల ఊదారంగు స్కెచ్ పెన్ను ఇచ్చి, దాంతోనే 1, 2, 3 అని అంకెలు వేయమన్నారు. లెక్కింపు నాలుగు రోజులు సాగింది. మొదటి ప్రాధాన్యంతో ఎవరూ గెలవలేదు, రెండో ప్రాధాన్యం దాకా పోవాల్సి వచ్చింది. ఇదంతా మీకు తెలుసు. వినిపెగ్ ఓటరు వందేళ్ల కిందట చేసిందీ ఇదే పని: పేర్ల పక్కన అంకెలు వేయడం. తేడా ఒక్కటే ఉంది, కానీ అది చాలా పెద్ద తేడా. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఊరి సంగతి. రెడ్, అసినిబోయిన్ అనే రెండు నదులు కలిసేచోట వినిపెగ్ ఉంది. 1871 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 241 మంది. నలభై ఏళ్లు తిరిగేసరికి, 1911లో, 1,36,035 మంది. రైలు వచ్చింది, గోధుమ వ్యాపారం వచ్చింది, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చింది. ఊరిని రెండుగా కోసినట్టు మధ్యలో కెనడియన్ పసిఫిక్ రైల్వే యార్డు. దానికి ఉత్తరాన ఉక్రేనియన్లు, యూదులు, పోలిష్‌వాళ్లు, జర్మన్లు, అంటే కూలీ జనం. దక్షిణాన నది దాటితే వ్యాపారుల మేడలు. ఇలాంటి ఊరికి నియోజకవర్గం గీత ఎక్కడ గీస్తారు? గీత గీసిన చేతిని బట్టే కదా ఎవరు గెలుస్తారో తేలేది.

1880ల్లో ఊరిని ఉత్తరం, దక్షిణం అని విడగొట్టారు, తర్వాత మధ్య భాగం అని మూడోది చేర్చారు. 1914 నాటికి ఈ మూడింటికీ రెండేసి సీట్లు ఇచ్చారు. అయితే ఆ రెండు సీట్లనూ ‘ఎ’ అని ఒకటి, ‘బి’ అని ఒకటి విడివిడిగా పెట్టారు. ఓటరు ‘ఎ’ సీటుకు ఒకసారి, ‘బి’ సీటుకు ఒకసారి ఓటు వేయాలి. అంటే ఏమైంది? అదే జనం, అదే మెజారిటీ, రెండుసార్లు లెక్కపెట్టినట్టయింది. నూటికి నలభై మంది ఒక పక్షాన ఉన్నా వాళ్లకు ‘ఎ’ దక్కకపోవచ్చు, ‘బి’ కూడా దక్కకపోవచ్చు.

ఇక్కడ మన పార్వతీపురం గుర్తు చేసుకోవాలి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం ద్విసభ్య నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఒకటి గిరిజనులకు కేటాయించిన సీటు. వి.వి. గిరి, తర్వాత రాష్ట్రపతి అయినాయన, అక్కడ ఓడిపోయారు. గెలిచిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. జనరల్ సీటులో గిరిజన అభ్యర్థిని ఎలా గెలిచినట్టు ప్రకటిస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1959లో కోర్టు ఒప్పుకోలేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఎవరైనా జనరల్ సీటుకు అర్హులే అంది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను ఎత్తేశారు. దీన్ని ఎందుకు తెచ్చానంటే, ఒక స్థానంలో ఒకరికంటే ఎక్కువ మంది గెలవడం కొత్త సంగతి కాదు. ఎన్ని సీట్లు అన్నది సగం ప్రశ్నే. ఓటరుకు ఎన్ని ఓట్లు, వాటిని ఎలా లెక్కపెడతారు అన్నదే రెండో సగం. పార్వతీపురంలో ఓటరుకు రెండు సీట్లకు రెండు ఓట్లు. వినిపెగ్‌లో పది సీట్లకు ఒక్కటే. ఫలితాన్ని మార్చింది ఆ ఒక్కటే.

ఇప్పుడు 1919కి రండి. ఆ ఏడాది మే 15న వినిపెగ్‌లో సార్వత్రిక సమ్మె మొదలైంది. ముప్పై వేల మంది పని ఆపేశారు. మొత్తం ఊరు లక్షా ఎనభై వేలు ఉంటుంది, అందులో ముప్పై వేల మంది! ఆరు వారాలు సాగింది. జూన్ 17న నాయకుల్ని అరెస్టు చేశారు. జూన్ 21 శనివారం గుర్రాల మీద పోలీసులు జనంలోకి దూసుకొచ్చి కాల్పులు జరిపారు, ఇద్దరు పోయారు. ఆ రోజును అక్కడ ‘నెత్తుటి శనివారం’ అంటారు. తర్వాత విచారణలు. విలియం ఐవెన్స్, ఒకప్పటి మెథడిస్టు పాస్టరు, సమ్మె పత్రికకు సంపాదకుడు. జాన్ క్వీన్, నగర మండలి సభ్యుడు. జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్, వడ్రంగి. ఆయన భార్య హెలెన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సమ్మెలో ఉన్న ఆడవాళ్లకు అన్నం పెట్టే వంటశాల నడిపింది. ఈ ముగ్గురికీ 1920 వసంతంలో ఏడాది జైలు పడింది. ఫ్రెడ్ డిక్సన్ అని ఇంకొకాయన, అప్పటికే శాసనసభ్యుడు. ఐవెన్స్‌ను పట్టుకుపోయాక పత్రికను నిలబెట్టినవాళ్లలో ఒకడు. రాజద్రోహపు రాతలు రాశాడని కేసు పెడితే వకీలును పెట్టుకోకుండా తన వాదన తనే వినిపించి నిర్దోషిగా బయటికొచ్చాడు.

సరిగ్గా ఆ వేళకే, 1920 జూన్ 29న, శాసనసభ ఎన్నిక. కొత్త పద్ధతిలో మొదటి ఎన్నిక అదే. సభలో మొత్తం 55 సీట్లు, అందులో వినిపెగ్‌కు పది. ప్రాధాన్య ఓటు కావాలని రైతు సంఘాలూ కార్మిక సంఘాలూ అంతకుముందు నుంచే అడుగుతున్నాయి. నోరిస్ నాయకత్వంలోని లిబరల్ ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది. సమ్మె తర్వాత ఊళ్లో ఉన్న వేడికి పాత పద్ధతే ఉంటే ఊరంతా ఒకే పక్షానికి పోతుందేమోనన్న భయం వ్యాపార వర్గాలకూ ఉంది. అందువల్ల ఒకరు న్యాయం అనుకున్నారు, ఇంకొకరు రక్షణ అనుకున్నారు, రెండు వర్గాలూ ఒకే పద్ధతికి తలూపాయి. ఎన్నికల సంస్కరణలు చాలావరకు ఇలాగే వస్తాయి.

పది సీట్లకు 41 మంది నిలబడ్డారు. ఇప్పుడు లెక్క ఎలా చేస్తారో చూద్దాం. దయచేసి కొంచెం ఓపికగా వినండి, ఇది తెలియకపోతే మిగతాదంతా పేర్ల జాబితాలా ఉంటుంది. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. అసలు అంకెలు కాదు, సులువు కోసం గుండ్రంగా చెబుతున్నాను.

చెల్లిన ఓట్లు 44,000 అనుకోండి. సీట్లు పది. పదికి ఒకటి కలిపి పదకొండుతో భాగించాలి. 4,000 వచ్చింది. దానికి ఒకటి కలపాలి: 4,001. దీన్ని కోటా అంటారు. పదితో కాకుండా పదకొండుతో ఎందుకు భాగించారు? ఆలోచించండి. ఒక్కొక్కరికీ 4,001 చొప్పున పది మందికి ఇస్తే 40,010 అయిపోయాయి. మిగిలినవి 3,990. పదకొండో మనిషి కోటాను అందుకోలేడు. అంటే పది మందికి మించి ఎవరూ దాటలేని అతి చిన్న అంకె ఇదే. మన రాజ్యసభ ఎన్నికలోనూ ఇదే సూత్రం. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు, మూడు ఖాళీలు అనుకోండి. అక్కడ ఒక్కో ఓటుకు విలువ 100 కడతారు, కాబట్టి 11,900ను నాలుగుతో భాగించి ఒకటి కలిపితే 2,976. అంటే 30 మంది ఓటేస్తే ఒకరు గెలుస్తారు. పేపర్లో ‘ముప్పై ఓట్లు కావాలి’ అని రాస్తారే, అది ఇక్కడి నుంచే వస్తుంది.

సరే, వినిపెగ్‌కు వద్దాం. ఒక అభ్యర్థికి మొదటి ప్రాధాన్య ఓట్లు 8,002 వచ్చాయనుకోండి. కోటా 4,001. అంటే సరిగ్గా సగం మిగులు. మామూలు ఎన్నికలో ఆ మిగులు దేనికీ పనికిరాదు, మెజారిటీ అని పేపర్లో వేసుకోడానికి తప్ప. ఇక్కడ మాత్రం ఆ మిగులు ముందుకు కదులుతుంది. ఆయన కాగితాలన్నీ తీసి రెండో ప్రాధాన్యం ఎవరికుందో చూస్తారు. 3,000 కాగితాల మీద రెండో పేరు ఒక మిత్రుడిదైతే, మిగులు సగం కాబట్టి ఆ మిత్రుడికి 1,500 ఓట్లు చేరతాయి. మిగులు పంచడం అయిపోయాక, అందరికంటే తక్కువ వచ్చినవాణ్ని తీసేస్తారు, అతని కాగితాలను తర్వాతి ప్రాధాన్యం ఉన్నవాళ్లకు బదిలీ చేస్తారు. మళ్లీ లెక్క. మళ్లీ ఎవరైనా కోటా దాటారా? దాటితే మిగులు. దాటకపోతే తీసివేత. పది సీట్లు నిండేదాకా ఇదే.

ఇందులో ఎక్కడ చెడుతుంది? ఒకటి, ఓటరు 1 మాత్రమే వేసి వదిలేస్తే, ఆ అభ్యర్థి తొలగిపోగానే ఆ కాగితం అయిపోయినట్టే, ఇంకెక్కడికీ పోదు. అలాంటి కాగితాలు పేరుకునే కొద్దీ కోటా అందుకోవడం కష్టమవుతుంది. అందుకే చివరి ఒకరిద్దరు కోటా నిండకుండానే గెలవడం ఈ పద్ధతిలో మామూలు. మన దగ్గరా అంతే. 1 అంకె అసలు లేకపోతే ఓటు చెల్లదు. ఇద్దరి పక్కన 1 వేస్తే చెల్లదు. 1, 2 వేసి, 3 మరిచిపోయి 4 వేస్తే రెండు దాకానే పని చేస్తుంది. టిక్కు పెడితే పోయినట్టే, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా పోయినట్టే. చదువుకున్నవాళ్ల ఎన్నికలో కూడా చెల్లని ఓట్లు ఎందుకొస్తాయని అడుగుతుంటారు. వచ్చేది ఇందువల్లే.

ఇప్పుడు 1920 ఫలితం. ఫ్రెడ్ డిక్సన్‌కు మొదటి ప్రాధాన్యంలోనే పదకొండు వేలకు పైగా వచ్చాయి. కోటాకు రెండున్నర రెట్లు! సమ్మె గెలవకపోయినా, ఊరు తన మాట కాగితం మీద ఇలా రాసింది. ఆయన మిగులు ఓట్లు వేలల్లో కదిలి, ఆయనతో పాటు నిలబడ్డ కార్మిక అభ్యర్థుల కిందికి వచ్చి చేరాయి. ఐవెన్స్, క్వీన్, ఆర్మ్‌స్ట్రాంగ్, ముగ్గురూ గెలిచారు. ముగ్గురూ అప్పుడు జైల్లో ఉన్నారు. జైల్లో ఉండి శాసనసభ్యులయ్యారు! 1921లో బయటికొచ్చాకే సభలో కూర్చున్నారు. బదిలీ లేని పద్ధతిలో పది సీట్లు పెట్టి ఉంటే ఏమయ్యేది? డిక్సన్ ఒక్కడు భారీగా గెలిచేవాడు, ఆయన ఓట్లలో సగానికి పైగా ఎవరికీ పనికిరాకుండా పోయేవి, జైల్లో ఉన్నవాళ్లు జైల్లోనే ఉండేవాళ్లు.

అయితే ఇది కార్మికుల గెలుపు మాత్రమే అనుకుంటే పొరపాటు. పదిలో నాలుగు వాళ్లవి. నాలుగు లిబరల్స్‌వి, రెండు కన్సర్వేటివ్‌లవి. సమ్మెను అణచినవాళ్ల పక్షమూ, సమ్మె చేసినవాళ్ల పక్షమూ ఒకే నియోజకవర్గానికి ప్రతినిధులు. లిబరల్స్‌లో ఒకరు ఈడిత్ రోజర్స్. మానిటోబా శాసనసభలో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమే. మానిటోబా మహిళలకు ఓటు వచ్చింది 1916 జనవరి 28న, కెనడాలో అందరికంటే ముందు. ఓటు వచ్చిన నాలుగేళ్లకు సీటు వచ్చింది. ఒక్కరినే ఎన్నుకోవాల్సిన చోట పార్టీ ఆడమనిషిని నిలబెట్టడానికి జంకుతుంది. పది మందిని నిలబెట్టే జాబితాలో ఒక్క పేరైనా ఆడవాళ్లది లేకపోతే ఓట్లు పోతాయి. ఈడిత్ రోజర్స్ 1932 దాకా సభలో ఉన్నారు.

ఆ తర్వాతి ఎన్నికల్లోనూ ఈ నియోజకవర్గం ఇంకెక్కడా చోటు దొరకనివాళ్లకు చోటిచ్చింది. 1932లో మార్కస్ హైమన్ అనే కార్మిక పక్షపు యూదు న్యాయవాది గెలిచాడు. ఒక జాతినో మతాన్నో పట్టుకుని అబద్ధపు నిందలు అచ్చువేస్తే ఆపించే చట్టం 1934లో తెచ్చాడు. కెనడాలో అలాంటి చట్టం అదే మొదటిది. జర్మనీలో హిట్లర్ వచ్చిన మరుసటి ఏడాది అది, ఆ తేదీని గమనించండి. 1936లో లూయిస్ స్టబ్స్ అందరికంటే పైన నిలిచాడు. ఆయన జిల్లా న్యాయమూర్తిగా ఉండి, ధనికులకొక న్యాయం పేదలకొక న్యాయం జరుగుతోందని బాహాటంగా పోరాడి 1933లో పదవి పోగొట్టుకున్నాడు. ఏ పార్టీ లేకుండా స్వతంత్రుడిగా నిలబడ్డాడు. అదే ఎన్నికలో జేమ్స్ లిటెరిక్ గెలిచాడు. కెనడాలో ప్రాంతీయ శాసనసభకు ఎన్నికైన మొదటి కమ్యూనిస్టు ఆయనే. 1940లో పార్టీని నిషేధించాక ఆయన్ను సభ నుంచి తీసేశారు. 1941లో మళ్లీ అదే వర్గం నుంచి బిల్ కార్డాష్ వచ్చాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో కాలు పోగొట్టుకున్న మనిషి. 1940 నుంచి మానిటోబాలో ప్రధాన పార్టీలన్నీ కలిసి ఒకే సంకీర్ణ ప్రభుత్వంగా ఏర్పడ్డాయి. ఎదురు మాట చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. స్టబ్స్, కార్డాష్ వాళ్లలో ఉన్నారు, ఇద్దరూ వినిపెగ్ నుంచే.

ఇప్పటిదాకా మంచే చెప్పాను. రెండో పక్క కూడా చెప్పాలి, చెప్పకపోతే చరిత్ర కాదు.

1921 జనాభా లెక్కలు: మానిటోబా 6,10,118. వినిపెగ్ 1,79,087. అంటే నూటికి ఇరవై తొమ్మిది మంది ఊళ్లోనే ఉన్నారు. సీట్లు? 55లో పది. నూటికి పద్దెనిమిది. నియోజకవర్గం లోపల లెక్క ఎంత ధర్మంగా ఉన్నా, బయట దానికి దక్కిన వాటాయే తక్కువ. 1922లో రైతుల పక్షం ఎక్కువగా పల్లె సీట్లతో 28 గెలిచి ప్రభుత్వం కట్టింది. అప్పటికి వాళ్లకు నాయకుడే లేడు, వ్యవసాయ కళాశాల అధిపతి జాన్ బ్రాకెన్‌ను పిలిచి ముఖ్యమంత్రిని చేశారు. ఊళ్లో పది గొంతులు పలికాయి, నిజమే. కానీ పలకాల్సినవి పదహారు. 1920లో ఆ పది ఎందుకు పది అయిందో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది: ఊరికి న్యాయమైన పద్ధతి ఇవ్వడం పాలకులకు సులువు, ఊరికి న్యాయమైన సంఖ్య ఇవ్వడం కష్టం.

ఇందాక ఒక పెద్ద తేడా ఉందన్నాను కదా, దాని దగ్గరికి వస్తున్నాను. 1927 నుంచి మానిటోబా పల్లె స్థానాల్లోనూ అంకెలు వేసే ఓటే వచ్చింది. కానీ అక్కడ ఒక్కో స్థానానికి ఒకే సీటు. ఒక్క సీటుకు కోటా ఎంత? రెండుతో భాగించి ఒకటి కలపడమే. అంటే సగం కంటే ఎక్కువ. సగం దాటినవాడే గెలుస్తాడు, తక్కువ సంఖ్య వాళ్లకు ఏమీ దక్కదు. మన పట్టభద్రుల స్థానం సరిగ్గా ఇదే. రాజ్యాంగం 171వ అధికరణంలో దామాషా ప్రాతినిధ్యం (ఓట్ల వాటాను బట్టి సీట్లు), ఏక బదిలీ ఓటు అని రాసుంది. కాగితం అదే, అంకెలు అవే, పెన్ను కూడా అదే. కానీ సీటు ఒక్కటే అయినప్పుడు దామాషా ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్కదాన్ని ఎవరు వాటాలు వేయగలరు? వినిపెగ్‌ను వినిపెగ్ చేసింది అంకెలు కాదు, ఆ పది సీట్లు.

అందుకే దాన్ని చిన్నది చేయడం మొదలుపెట్టగానే గుణం మారిపోయింది. 1949 ఎన్నికకు వినిపెగ్‌ను మూడు ముక్కలు చేశారు: ఉత్తరం, మధ్య, దక్షిణం. ఒక్కోదానికి నాలుగు సీట్లు. సభ 57కు పెరిగింది, ఆ 57 ఇప్పటికీ అంతే ఉంది. పైకి చూస్తే లాభమే, పది కాస్తా పన్నెండయింది. కానీ కోటా చూడండి. పది సీట్లప్పుడు పదకొండో వంతు చాలు, నూటికి తొమ్మిదికి కాస్త పైన. నాలుగు సీట్లప్పుడు అయిదో వంతు, అంటే నూటికి ఇరవై. ఊరంతా చెదిరి ఉన్న చిన్న వర్గానికి ఇది దాటలేని గోడ. ఒక పేటలో గుమిగూడి ఉన్నవాళ్లకు మాత్రం దారి మిగిలింది. కార్డాష్ తన బలమంతా ఉన్న ఉత్తర వినిపెగ్ నుంచి 1949లోనూ 1953లోనూ గెలిచాడు. స్టబ్స్ 1949లో ఓడిపోయాడు. దక్షిణాన సంకీర్ణానికి ఎదురు నిలబడి డఫ్ రాబ్లిన్ అనే యువకుడు గెలిచాడు.

ఆఖరి ఘట్టం 1955లో మొదలైంది. సరిహద్దులు గీసే పనిని రాజకీయ నాయకుల చేతుల్లోంచి తీసి స్వతంత్ర సంఘానికి అప్పగించారు. కెనడాలో ఇలా చేసిన మొదటి ప్రావిన్సు మానిటోబాయే. ప్రధాన న్యాయమూర్తి, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, ప్రధాన ఎన్నికల అధికారి, ఈ ముగ్గురే సంఘం. చాలా మంచి పని, అందులో సందేహం లేదు. కానీ అదే మార్పుతో బహుసభ్య స్థానాలూ, అంకెల ఓటూ రెండూ పోయాయి. అన్నీ ఒక్కో సీటు, ఎక్కువ వచ్చినవాడే విజేత. పైగా ఏడుగురు పట్నపు ఓటర్లు నలుగురు పల్లె ఓటర్లతో సమానం అన్న నిష్పత్తి చట్టంలోనే ఉంది. అది 1968 దాకా పోలేదు. గీత గీసే చెయ్యి శుభ్రమైంది, తూకం రాయి మాత్రం పాతదే.

1958లో కొత్త పద్ధతిలో ఎన్నిక జరిగింది. రాబ్లిన్ వోల్స్‌లీ అనే కొత్త స్థానం నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు. పదిహేడేళ్లుగా సభలో ఉన్న కార్డాష్ ఓడిపోయాడు. నగర మండలి ఎన్నికల్లో మాత్రం 1920లోనే మొదలైన ఇదే ప్రాధాన్య పద్ధతి 1971 దాకా నడిచింది. శాసనసభకు పోయిన పదమూడేళ్లకు కూడా వినిపెగ్ జనం మండలి ఎన్నికలొస్తే పేర్ల పక్కన 1, 2, 3 వేస్తూనే ఉన్నారు.

నా మాట ఇంతే. కోటా లెక్క మళ్లీ చేసి చూపించాలంటే బోర్డు మీద వేస్తాను. ముందు వరసలో అమ్మగారు చెయ్యెత్తారు, మైకు అటు ఇవ్వండి.